రంగం కోటు, చింతపిక్కంత చిల్లు

నాకున్న చరాస్తుల్లో అత్యంత విలువైనది ఒక పాత శుభలేఖ అట్ట. అరచేతి వెడల్పు ఉంటుంది. మధ్యలో చింతపిక్కంత చిల్లు. ఆ చిల్లు సరిగ్గా ముహూర్తం అచ్చువేసిన చోట పడింది కాబట్టి, ఆ పెళ్ళి ఎన్ని గంటలకు జరిగిందో ఇక ఈ భూమ్మీద ఎవరికీ తెలిసే అవకాశం లేదు. పెళ్ళికొడుక్కి కూడా ఈపాటికి గుర్తుండి ఉండదు. దీన్ని నేను కొనలేదు, ఎవరూ ఇవ్వలేదు. తొమ్మిదో తరగతిలో మా సాంఘికం మాస్టారి బల్లమీద నుంచి దొంగిలించాను. ఇప్పుడు నేనే రాజోలు వైపు ఒక హైస్కూల్లో సాంఘికం మాస్టార్ని. దొంగకే తాళాలివ్వడమంటే ఇదే.

మొన్న సోమవారం తొమ్మిదో తరగతిలో వలసల పాఠం వచ్చింది. పుస్తకంలో ఓడెక్కుతున్న కూలీల ఫోటో ఒకటి వేశారు. అచ్చు ఎంత బాగా పడిందంటే, అమావాస్య నాడు బొగ్గుల గోదాములో కాకులు సమావేశం పెట్టుకున్నట్టుంది. కింద ప్రశ్న: చిత్రాన్ని పరిశీలించి మీ అభిప్రాయం రాయండి. పిల్లలు అరనిమిషంలో పరిశీలించేశారు. "వీరు చాలా పేదవారు. వీరు చాలా కష్టపడ్డారు. మనం వీరిని గౌరవించాలి." క్లాసులో ఎన్ని నోటు పుస్తకాలుంటే అన్నింట్లో అవే మూడు వాక్యాలు, అదే వరసలో, ఒకే అక్షరదోషంతో. నాకు ఒళ్ళు మండింది. పుస్తకాలు మూయించి, "మీ ఇళ్ళల్లోంచి పనికోసం ఊరు దాటి వెళ్ళినవాళ్ళ ఫోటోలు తీసుకురండి, ఫోటో చూడ్డం ఎలాగో నేను చూపిస్తాను" అని బీరాలు పలికాను. జేబులోంచి అట్ట తీసి, దీన్ని ఫోటో మీద పెట్టి చిల్లులోంచి చూడాలి, కాళ్ళ నుంచి మొదలెట్టాలి అని నియమం కూడా చెప్పాను.

మర్నాడు అందరికంటే ముందు ప్రశాంతి వచ్చింది. మూడో బెంచీలో కూర్చునే పిల్ల, మాట తక్కువ, చూపెక్కువ. వాళ్ళమ్మ ఇంటిపనికి కువైట్ వెళ్ళి మూడేళ్ళయింది. మా వైపు ఇది వింతేమీ కాదు. ఏ వీధిలో చూసినా ఒక అమ్మ కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటుంది. ప్రశాంతి జిరాక్సు షాపులో పెద్దగా తీయించిన కలర్ ప్రింటు నా బల్లమీద పరిచింది. పల్లకీ అంత సోఫా, దానికి బంగారు రంగు కోళ్ళు, వెనక దీపాల గుత్తి. ఆ సోఫాలో నవ్వుతూ వాళ్ళమ్మ.

"అట్ట ఇవ్వండి మాస్టారూ, చూస్తాను" అంది ప్రశాంతి.

నా చెయ్యి జేబులోకి వెళ్ళింది. అట్ట తగిలింది. చిల్లులో వేలు ఇరుక్కుంది. ఫోటో చూసిన మొదటి క్షణంలోనే నాకొకటి కనబడిపోయింది, ఆ పిల్లకి ఇంకా కనబడలేదు. "రేపు చూద్దామమ్మా, ఈవేళ తల నొప్పిగా ఉంది" అన్నాను. నా తల రాతిబండ. అది నొప్పి పుట్టిస్తుందే గానీ పడదు. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని లేచాను, కుర్చీలో కూర్చుని లేచాను, పెరట్లో ఉన్న రెండు కొబ్బరిచెట్లకీ మధ్య ఎన్నిసార్లు తిరిగానో లెక్కేస్తే పాదయాత్ర చేసి పోలవరం దాకా వెళ్ళొచ్చి ఉండేవాణ్ణి. "కాలికింద నిప్పులేమైనా పోశారా ఏంటండీ?" అంది మా ఆవిడ. నిప్పులు ఇప్పటివి కావు. నా పద్నాలుగో ఏట పోసినవి.

అప్పుడు మేము గోదావరికి ఆ ఒడ్డున, నరసాపురం వైపు పల్లెలో ఉండేవాళ్ళం. కరుణాకరం మాస్టారు మాకు సాంఘికం చెప్పేవారు. ఆయన ఎంత సన్నగా ఉండేవారంటే, కాలవగట్టు మీద దూరం నుంచి సైకిలొక్కటే దానంతటది బడికొస్తున్నట్టు కనబడేది. దగ్గరికొచ్చాక ముందు నశ్యం వాసన, తర్వాత సుద్దముక్క వాసన, ఆ తర్వాత మాస్టారు. ఆయన దగ్గర ఒకే ఒక్క ఫోటో ఉండేది. రంగూన్‌లో ధాన్యం మిల్లు ముందు నిలబడ్డ మనవైపు కూలీలు, ఇరవైమంది. రంగూన్‌ని మా పెద్దవాళ్ళు రంగం అనేవారు. కాకినాడ రేవులో ఓడెక్కితే రంగం, రంగం వెళ్తే అన్నం. అంతే లెక్క. ఆ ఒక్క ఫోటోతో మాస్టారు మాకు నెల్లాళ్ళు పాఠం చెప్పారు. దానిమీద ఈ అట్ట పెట్టి, చిల్లులోంచి ఎంత కనబడితే అంతే చూడమనేవారు.

"కాళ్ళ నుంచి మొదలెట్టండి. మొహం అబద్ధమాడుతుంది. కాళ్ళకంత తెలివి లేదు" అనేవారు. "కనబడింది చెప్పు. అనుకున్నది జేబులో పెట్టుకో, తర్వాత అడుగుతాను." ఎవడైనా "పాపం" అన్నాడో, బెంచీ ఎక్కాలి. మొదటి వారం క్లాసు మొత్తం బెంచీల మీదే ఉండేది. కిటికీలోంచి చూసిన హెడ్మాస్టారు గారు వరదొచ్చిందేమో అనుకున్నారు. మెల్లగా చూపు కుదిరింది. ముందు వరసలో ఒకావిడ మెడలో పసుపుతాడుకి తాళంచెవి వేలాడుతోందని నేనే కనిపెట్టాను. అది ఏ పెట్టెదో, ఆ పెట్టెలో ఏముందో అని పదిహేను రోజులు నాకు అన్నం సయించలేదు. రెండేసి పళ్ళాలు మాత్రమే తినగలిగాను. ఇరవైమందిలో మగవాళ్ళందరికీ కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగి ఉందని చూపించింది మాత్రం మాస్టారే. "ధాన్యం బస్తా అటే ఎక్కుతుంది" అన్నారు. అని, నశ్యం పీల్చి, "ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఏ ఇంట్లో అడిగినా, మావాళ్ళు రంగంలో రైటర్లు, లెక్కలు రాసే గుమాస్తాలు అంటారు. అందరూ రైటర్లయితే మరి బస్తాలు మోసిందెవరు, దొరలా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. ఎందుకంటే మా తాత నిజంగానే రైటరు.

మా ఇంటిపేరు ఊళ్ళో ఎవరికీ తెలియదు. రైటరు గారిల్లు అంటే కాకులు కూడా దారి చూపించేవి. మా నాయనమ్మని అందరూ రైటరమ్మ గారు అనేవారు. తాత రెండోసారి రంగం వెళ్ళి తిరిగి రాలేదు. అక్కడే జ్వరమొచ్చి పోయారు. ఆయనకి బదులుగా ఎవరో తెలిసినాయన చేత ఒక బర్మా లక్క డబ్బా, ఒక పటం వచ్చాయి. పటంలో తాత కోటు తొడుక్కుని, బూట్లేసుకుని, చేతిలో గొడుగుతో కుర్చీలో కూర్చుని ఉంటారు. పక్కన బల్లమీద గడియారం, వెనక తెరమీద స్తంభాలు, స్తంభాల మధ్య రాజహంస. కాకినాడ కలెక్టరు కూడా అంత దర్జాగా కూర్చుని ఉండడని నా అభిప్రాయం. ప్రతి శనివారం సాయంత్రం నాయనమ్మ కాళ్ళు కడుక్కుని, పాత చీర పేలిక మీద రెండు చుక్కలు కొబ్బరినూనె వేసి పటం చట్రం తుడిచేది. లక్క డబ్బా మూత తీస్తే లవంగాల వాసన, కలరా ఉండల వాసన, దేశంకాని దేశపు వాసన కలిసి వచ్చేవి. ఆదివారం పొద్దున్నే కంచిపట్టు అంచున్న తెల్లచీర కట్టుకుని గుడికి వెళ్ళేది. మా లూథరన్ గుడిలో ఆడవాళ్ళ వైపు మొదటి బల్ల, గోడవారగా, నాయనమ్మది. రైటరు గారి భార్యకి తప్ప ఆ చోటు ఇంకెవరికీ లేదు. పాస్టరు గారు వాక్యం చెబుతూ ముందు నాయనమ్మ మొహం చూసి, ఆవిడ తల ఊపితే గానీ ముందుకు పోయేవారు కాదు.

అందుకని, మాస్టారు ఇళ్ళ నుంచి ఫోటోలు తెమ్మన్నప్పుడు నా కాళ్ళు నేలమీద ఆనలేదు. నాయనమ్మ చెరువు గట్టున ఎండుచేపలు తిరగేస్తున్న సమయం చూసి, పటం దించి, తువ్వాల్లో చుట్టి, బడికి పట్టుకుపోయాను. దారిపొడుగునా నలుగురికి చూపించాను. ఒక గేదెక్కూడా చూపించాను.

నాతో పాటు సుగుణ కూడా వాళ్ళ తాత పటం తెచ్చింది. గట్టు కింద పాకలో వాళ్ళ అమ్మమ్మ శాంతమ్మ దగ్గరుండి చదువుకునేది. ఆ పటం పొయ్యి పైన వేలాడి వేలాడి అప్పడంలా పొగచూరిపోయింది. మాస్టారు రెండూ పక్కపక్కన పెట్టారు. అట్ట తీశారు. కాళ్ళ దగ్గర మొదలెట్టారు. బూట్లు. పక్క పటంలోకి జరిపారు. బూట్లు. రెండింట్లోనూ ఎడం బూటు ముందు ఒకే చీలిక. పైకి జరిగారు. కోటు. రెండో బొత్తాం లేదు. పక్కకి జరిగారు. కోటు. రెండో బొత్తాం లేదు. గడియారం దగ్గరికొచ్చారు. నాలుగూ పది. పక్క గడియారం. నాలుగూ పది.

"మాస్టారండీ, ఇద్దరూ ఒకేసారి ఫోటో దిగారండి! గడియారం చూడండి!" అని అరిచాను నేను.

"ఒకే నిమిషంలో ఒకే కోటులో ఇద్దరు ఎలా దూరార్రా?" అన్నారు మాస్టారు.

క్లాసు గొల్లుమంది. నాకు మంటెక్కిపోయింది. "అయితే వాళ్ళ తాత మా తాత కోటు దొంగిలించి ఉంటాడండి!" అన్నాను.

సుగుణ లేచి నిలబడింది. "ఏంటీ దొంగిలించేది? కోటు ఫోటో వాడిదంట. బూట్లూ వాడివేనంట. గొడుగుతో సహా అద్దెకిస్తాడంట. మా అమ్మమ్మ చెప్పింది. మా తాత బస్తాలే మోశాడు, మేమెప్పుడూ రైటరని చెప్పుకోలేదు."

"మా తాత రైటరే!"

"అయితే కలం ఏదీ? గొడుగుతో రాసేవాడా?"

ఆ గొడవలో మాస్టారి అట్ట ఎప్పుడు కదిలిందో, మా తాత కుడి భుజం మీదికొచ్చి ఆగింది. కోటు ఎంత దర్జా అయినదైనా, లోపలున్న భుజం దాని మాట వినలేదు. గోదావరి గట్టు తెగిన చోట ఒరిగినట్టు, కుడివైపు కిందికి దిగి ఉంది. నాకు కనబడింది. నాకు కనబడిందని మాస్టారికి తెలిసింది. ఆయన అట్ట తీసి పక్కన పెట్టి, తన అరచెయ్యి ఆ పటం మీద వేసి మూసేశారు. "ఈవేళ్టికి చాలు" అన్నారు. ఇంకా పావుగంట ఉంది. ఆ పావుగంటా ఆయన చెయ్యి అక్కడే ఉంది, నోటితో రుతుపవనాలు చెప్పారు. బెల్లు కొట్టాక పటంతో పాటు అట్ట కూడా నా తువ్వాల్లోకి వచ్చేసింది. ఎందుకు తీశానంటే, అది లేకపోతే ఇంకెవరికీ ఆ భుజం కనబడదనుకున్నాను.

తర్వాత మూడు రోజులు నేను బతికానని చెప్పుకోవడం అతిశయోక్తి. ఆదివారం దగ్గరికొస్తోంది. శాంతమ్మ గుడికొస్తుంది, వెనక చాపమీద కూర్చుంటుంది. సుగుణ ఒక్కమాట చెప్పిందంటే, చాపమీద పుట్టిన మాట మొదటి బల్ల దాకా పాకడానికి ఒక పాట చాలు. ఆ తర్వాత నాయనమ్మ రైటరమ్మ గారు కాదు. ఆ బల్లమీద నుంచి లేపేస్తారు. లేపింది నేను. ఈ ఆలోచనతో కూర్చోలేను, నిలబడలేను. ఆఖరికి మా మావయ్య ఆత్రేయపురం నుంచి తెచ్చిన పూతరేకుల డబ్బాలోంచి నాలుగు తీసి, చొక్కా జేబులో పెట్టుకుని సుగుణ దగ్గరికి పరుగెత్తాను. గట్టు దిగేసరికి అవి పూతరేకులు కావు, నెయ్యి వాసనేసే చిత్తుకాగితాలు. సుగుణ నా జేబు తిరగేయించి, పొడి అంతా అరచేతిలో పోసుకుని తింది. "నేను చెప్పన్లే" అంది. నెయ్యి నాకి, "కానీ మాస్టారు చెబితే?" అంది. తిన్నంతసేపూ లేని అనుమానం.

శనివారం సాయంత్రం నాయనమ్మ కాళ్ళు కడుక్కుని, పేలిక మీద నూనె వేసి, పటం ముందు నిలబడింది. నేను అరుగుమీద లెక్కలు చేస్తున్నట్టు నటిస్తున్నాను. లెక్కల పుస్తకం తలకిందులుగా ఉందని తర్వాత తెలిసింది.

"మీ తాత వంటింటివైపు ఒరిగాడేంట్రా అబ్బాయ్? ఆకలేస్తోందా ఆయనకి?"

"నేను దించలేదు."

"దించావని నేనన్నానా?"

దగ్గరికి పిలిచింది. వెళ్తూంటే జేబులోంచి అట్ట జారిపడింది. ఇదేంటంది. చెప్పాను. ఒకటి చెబితే రెండోది లాక్కొచ్చింది. కోటు, బూట్లు, గడియారం, సుగుణ వాళ్ళ తాత, అన్నీ వచ్చేశాయి. నాయనమ్మ ఆశ్చర్యపోలేదు.

"కోటు సంగతి కాదెహె. ఇంకేం కనబడింది మీ మాస్టారికి?"

నాయనమ్మ పటం దించి ఒళ్ళో పెట్టుకుంది. అట్ట తీసుకుని తిన్నగా కుడి భుజం మీద పెట్టింది. వెతకలేదు. కరెంటు పోయినప్పుడు చీకట్లో అగ్గిపెట్టె అందుకున్నట్టు, చెయ్యి దానంతటదే వెళ్ళి ఆగింది.

"మొదటిసారి రంగం నుంచి వచ్చినప్పుడు నెల్లాళ్ళు ఆముదం కాచి పట్టేశాను ఈ భుజానికి. ఇటు తిరిగి పడుకోలేకపోయేవాడు. కలం మోస్తే దిగిందంటావేంట్రా ఇది?"

"మరి రైటరని ఎందుకు చెప్పావు?"

"నేనెక్కడ చెప్పాను? మనిషి రాలేదు, పటం వచ్చింది. మీ నాన్న నా కడుపులో ఉన్నాడు. వచ్చినవాళ్ళందరూ కోటు చూసి, రైటరైపోయాడమ్మా మీ ఆయన అన్నారు. ఏడుస్తున్నదాన్ని, లేచి నిలబడి, కాదండి కూలీయే అని చెప్పమంటావా?"

"తర్వాతైనా చెప్పొచ్చుగా? గుళ్ళో ముందు బల్లమీద కూర్చోబెట్టినప్పుడైనా?"

నాయనమ్మ నావైపు చూసింది. అంత సూటిగా నన్ను అంతకుముందూ ఎవరూ చూడలేదు, తర్వాతా చూడలేదు. "ఆ బల్ల కోటిచ్చిందనుకుంటున్నావా? ఇదిగో, ఇదిచ్చింది" అంది, చిల్లులోంచి కనబడుతున్న భుజం మీద వేలు పెట్టి. "నేను లేవను."

లేవలేదు. మర్నాడు అదే తెల్లచీర, అదే బల్ల, అదే గోడవార. నేను వెనక్కీ ముందుకీ మెడ తిప్పీ తిప్పీ, ఆ ఆరాధన అయ్యేసరికి గుడ్లగూబనయ్యాను. అయ్యాక మెట్ల దగ్గర శాంతమ్మ ఎదురొచ్చింది.

"రైటరమ్మ గారూ, బాగున్నారాండి?"

ఆ "గారు"లో వెటకారం ఉందేమోనని దువ్వెనపెట్టి దువ్వినట్టు వెతికాను. పేనంత కూడా లేదు. "బాగానే ఉన్నాను శాంతమ్మా. నీ నడుం ఎలా ఉంది? ఆముదం పంపిస్తాను" అంది నాయనమ్మ. సుగుణ నా పక్కకొచ్చి చెవిలో చెప్పింది: "మా అమ్మమ్మకి మొదట్నించీ తెలుసంట. మీ తాతా మా తాతా ఒకే మిల్లులో మోశారంట."

"మరి నా పూతరేకులు?"

"అరిగిపోయాయి."

ఆ ఊళ్ళో ఆ రహస్యం తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. అప్పుడు నాకు హాయిగా అనిపించింది, ఇంటికెళ్ళి మూడు పళ్ళాలు తిన్నాను. హాయి చాలాకాలం నిలవలేదు. ఒకే మిల్లు, ఒకే బస్తా, ఒకే కోటు. ఒక భుజం తాలూకు మనిషి ముందు బల్లమీద, ఇంకో భుజం తాలూకు మనిషి వెనక చాపమీద. నాయనమ్మది తప్పనడానికి నాకు నోరు రాదు. శాంతమ్మ చాప గుర్తొస్తే ఒప్పనడానికీ రాదు. ఇద్దరూ పోయారు. నాకు జుట్టు నెరిసింది. ఆ సంగతి మాత్రం బూటులో పడ్డ ఇసుకరేణువులా ఏ అడుగువేసినా గుచ్చుతూనే ఉంటుంది.

అప్పుడు మనిషికి జన్మకొక్క ఫోటో. దాన్ని నూనెపెట్టి తుడిచి, గోడకి కొట్టి, దానికింద ఒక కుటుంబం కుటుంబమే బతికేసేది. ఇప్పుడు ఫోన్‌లో రోజుకి నలభై వస్తాయి. పొద్దున్న కువైట్‌లో వండిన బిర్యానీ మధ్యాహ్నానికి రాజోల్లో కనబడుతుంది, తినడం ఒక్కటే కుదరదు. ఇంత కనబడుతున్నాక దాచడానికి ఇంకేముంటుందిలే అనుకునేవాణ్ణి, ప్రశాంతి వాళ్ళమ్మ ఫోటో చూసేదాకా. కోటు పోయి సోఫా వచ్చింది, అంతే. నాకు ఆ మొదటి చూపులో కనబడింది ఆ భుజంలాంటిదే. చెప్పాలా, మాస్టారిలా చెయ్యి అడ్డుపెట్టాలా? పెరట్లో కొబ్బరిచెట్లు రెండూ నా తిరుగుడు చూసి కళ్ళు తిరిగి ఉంటాయి, జవాబు మాత్రం చెప్పలేదు.

మర్నాడు ప్రశాంతి మళ్ళీ ప్రింటు పరిచింది. పిల్లలు చుట్టూ మూగారు.

"సోఫా మీదేనేంటే?" అన్నాడొకడు.

"వాళ్ళ మేడమ్ గారిది. అమ్మే చెప్పింది. ఆవిడ బజారెళ్ళినప్పుడు తీసుకుందంట" అంది ప్రశాంతి, సుగుణ గొంతుతో. నా చేతిలోంచి అట్ట తీసుకుంది. నేను చెప్పిన నియమం పక్కనపెట్టి, కాళ్ళ దగ్గర కాకుండా మొహం దగ్గర మొదలెట్టింది. వాళ్ళమ్మ కదా. నవ్వు మీద చాలాసేపు ఆగింది. మెడ. చేతులు. గోళ్ళు అరిగి ఉన్నాయంది. నడుం దాకా వచ్చింది. ఆగిపోయింది. అట్ట కొంచెం పైకి, కొంచెం కిందికి జరిపింది.

"మాస్టారూ, సోఫా మెత్త నొక్కుకోలేదండి."

పిల్లలు ఇంకా దగ్గరికి వంగారు.

"అమ్మ కూర్చోలేదండి. కూర్చున్నట్టు ఉందంతే. బరువంతా మోకాళ్ళమీదే ఆపుకుంది."

సరిగ్గా అదే. నిన్న నాకు కనబడింది అదే. ఉప్పుగల్లంత విషయాన్ని ఉప్పుకొఠారంత చేసి చెప్పే నోరు నాది. ఆ క్షణాన నోటికి బదులు చెయ్యి కదిలింది. నా అరచెయ్యి వెళ్ళి ఆ ఫోటో మీద పడింది, కరుణాకరం మాస్టారి చెయ్యి పడ్డట్టే. "ఈవేళ్టికి చాలమ్మా" అన్నాను.

ప్రశాంతి నా మణికట్టు పట్టుకుని, మెల్లగా, మర్యాదగా, పక్కకి తీసి పెట్టింది.

"ఉండండి మాస్టారూ. కాళ్ళింకా చూడలేదు."